అత్త పేరు మీద కాచిన జావ

"వద్దు... తీసెయ్ భువనా! నోరంతా చేదుగా ఉండాది!" అంటూ హనుమేష్ గిన్నెను పక్కకు నెట్టేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

భువన గుండె చెరువైపోయింది! టైఫాయిడ్ తగ్గి ఆదోని ఆసుపత్రి నుంచి భర్త ఇంటికొచ్చాడన్న సంతోషమైనా మిగలలేదు. "పేగులింకా పచ్చిపుండ్లమ్మా. కారం, వేపుడు ముట్టనియ్యొద్దు. మెత్తగా, కొంచెం కొంచెంగా తినిపించు. తినకపోతే మాత్రం మనిషి కోలుకోడు" అని డాక్టరమ్మ మరీమరీ చెప్పి పంపింది. వేరుశెనగ బస్తాలు ఒంటిచేత్తో బండికెత్తే మనిషి, ఇప్పుడు గోడ పట్టుకుంటే తప్ప నిలబడలేకపోతున్నాడు! ఇడ్లీ వద్దు, పెరుగన్నం వద్దు, అరటిపండు వద్దు... ఇక ఏం చేసేది తల్లీ!

"చిన్నప్పుడు జరమొస్తే మా అమ్మ కొర్రజావ కాచిచ్చేది..." నీరసంగా అన్నాడు హనుమేష్. "గుడ్డలో వడగట్టి, పల్చటి మజ్జిగ పోసి... అట్లాంటిదైతే తాగుతానేమో."

ఆ అమ్మ ఉన్నది ఎక్కడో కాదు, రెండు వీధుల అవతలే! కానీ భువన ఆ గడప తొక్కి ఏడాది దాటింది. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమంటారు. ఉల్లిగడ్డ పీకేనాడు, కూలోళ్లందరి ముందు, "నీ చేతి కూడు మనిషైనోడు తింటాడామ్మే!" అనేసింది అత్త సోమక్క. ఆ ఒక్క మాటతో ఒక పొయ్యి రెండు పొయ్యిలైంది! ఆసుపత్రికి వచ్చినప్పుడు కూడా కొడుకు కాళ్లు ఒత్తి వెళ్లిందే తప్ప, కోడలి మొహం చూడలేదు ఆ మహాతల్లి.

ఆ జావ కాచిమ్మని అత్తను అడుగుదామని బయలుదేరి, సగం దారిలోనే వెనక్కి వచ్చేసింది భువన. తనే పొయ్యి ముందు కూర్చుని కొర్రనూకలు దోరగా వేయిస్తుంటే ఆ కమ్మటి వాసనకు పాత రోజులన్నీ కళ్లముందు తిరిగాయి... కాపురానికొచ్చిన కొత్తలో ఇదే జావ నేర్పిస్తూ, "మంట తగ్గియ్యమ్మే, జావకు తొందర పనికిరాదు" అని తన చేతిమీద చెయ్యి వేసి గరిటె తిప్పించింది అత్త! తలంటి పోసి, జడవేసి, "నాకు కూతురు లేని కొరత తీరిందే" అని మురిసిపోయిందీ ఆ అత్తే! ఎంత బాగుండేవి ఆ రోజులు! ఎవరి దిష్టి తగిలిందో ఏమో!

గిన్నె తెచ్చి భర్త చేతిలో పెట్టి, "మీ అమ్మ పంపించింది" అనేసింది. ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు!

హనుమేష్ లేచి కూర్చున్నాడు. ఒక గుక్క తాగి కళ్లు మూసుకున్నాడు. "మా అమ్మ చెయ్యే!" అంటూ గిన్నె ఖాళీ చేశాడు. ఇంకేముంది, పూటపూటకూ అదే అబద్ధం! మనిషి తేరుకుంటున్నాడు. భువనకు మాత్రం లోపల ఒకటే భయం... నిజం తెలిస్తే మళ్లీ గిన్నె నెట్టేస్తాడేమో! కష్టం నాది, పేరు ఆమెదీ అని ఒక్కోసారి ఏడుపూ వచ్చేది.

ఒకరోజు పొద్దున్నే వాకిట్లో సోమక్క! కొడుకును చూడకుండా ఉండలేక, పంతం చంపుకుని వచ్చింది పాపం.

"రామ్మా!" అన్నాడు హనుమేష్ సంబరంగా. "దినామూ నువ్వు పంపే జావతోనే లేసి కూర్చున్యా. శానా బాగుంటాదమ్మా!"

భువన గబుక్కున తలుపుచాటుకు జరిగింది. అయిపోయింది... 'నేనేం పంపలేదే' అని అత్త ఒక్క మాటంటే చాలు!

సోమక్క కొడుకు చేతిలోని గిన్నె చూసింది. తలుపుచాటున నిలబడ్డ కోడలినీ చూసింది.

"ఊఁ... నేనే కాచినా నాయనా. చల్లారకముందే తాగు" అని నేరుగా వంటింట్లోకి నడిచింది.

"అత్తా! తప్పైపోయింది... నా చేతిది తినడేమోనని నీ పేరు చెప్పినా..." భువన వెనకే వెళ్లి వెక్కివెక్కి ఏడ్చింది.

"ఏడవాకమ్మే! తప్పు నాది. నోటికొచ్చినట్ల ఆ మాటంటి. ఎన్నిసార్లు వచ్చి నీ చెయ్యి పట్టుకుందామనుకుంటినో... మొగం చెల్లలేదు తల్లీ!" కోడలిని గుండెలకు హత్తుకుంది సోమక్క. ఇద్దరూ కలిసి ఎంతసేపు ఏడ్చారో!

కొంగుతో కళ్లు తుడుచుకుని సోమక్క గట్టిగా కేకేసింది. "ఒరే హనుమా! ఇందాక అబద్ధం చెప్పినా. ఈ జావ కాచేది నీ పెండ్లామురా! ఒక్కపూటా నేను కాయలేదు!"

భువన అవతలి గదివైపు చెవి పెట్టింది.

"ఎవరు కాస్తే ఏమమ్మా!" అవతల గదిలోంచి వచ్చింది జవాబు. "ఇంగో గిన్నె తెమ్మను... ఆకలైతాండాది!"