ఐదో ఇంటి కొర్రలు

కడుపు నిండినవాడికి బిచ్చమెత్తడం ఎంత కష్టమో ఆ శ్రావణ శనివారం వెంకటప్పకు తెలిసొచ్చింది.

కర్నూలులో స్కూలు ఫైనలు పాసై, కోడుమూరుకు తిరిగొచ్చి తండ్రి మగ్గంలో కూర్చున్న కుర్రాడు. పోయిన ఏడు విషజ్వరంతో మంచం పట్టాడు. బిడ్డ బతికితే వాడిచేత ఐదిళ్లు బిచ్చమెత్తించి, ఆ గింజలు వండి పంచిపెట్టిస్తానని తల్లి గురమ్మ వెంకటరమణస్వామికి మొక్కుకుంది. నొసట నామాలు, చేతిలో రాగిచెంబు. తెలిసినవాళ్లు చూస్తారని సిగ్గుపడి, దూరపు వీధికి పోయాడు. నాలుగిళ్లలో బియ్యం పోశారు. ఐదో ఇంటి వసారాలో ఒక పిల్ల రాట్నం తిప్పుతూ కండెలు చుడుతోంది.

"గోవిందా!" అన్నాడు. అదీ పక్కింటికి వినబడనంత మెల్లగా.

"ఏమప్పా, పందిరి రాట మాదిరి గట్టిగా ఉండావు. నేసుకోని బతకరాదా?"

"నేను బిచ్చగాన్ని కాదు. భక్తున్ని!"

"రెండింటికీ తేడా ఏముండాది?"

అంత చక్కని పిల్ల అడిగితే చదువుకున్నవాడు ఊరుకుంటాడా?

"భక్తుడనే మాట 'భజ్' అనే సంస్కృత ధాతువులోంచి పుట్టింది. పంచుకోవడమని దానికి మొదటి అర్థం. మీరు పెట్టినదాంట్లో నాకు వంతు, నేను వండినదాంట్లో మీకు వంతు. అట్ల పంచుకున్నోడే భక్తుడు."

"అట్లనా! అయితే పొద్దు గుంకేలోగా మా వంతు తెచ్చియ్యి."

వానలు మొహం చాటేసిన ఏడు. ఆ ఇంట్లో కొర్రలు తప్ప మరేమీ లేవు. చెంబు అప్పటికే నిండిపోవడంతో, ఆమె పోసిన దోసెడు కొర్రబియ్యం కండువా కొంగున కట్టుకున్నాడు. లోపలినుంచి ముసలమ్మ "గిడ్డమ్మా!" అని పిలిచింది. పొట్టిదని అర్థమొచ్చే ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, పిల్ల గుమ్మంలో తలవంచి నడిచేంత పొడుగు. వెంకటప్ప దారి పొడుగునా తనలో తనే నవ్వుకున్నాడు.

ఇంట్లో మూట విప్పితే, తెల్లటి బియ్యం పక్కన కొర్రలు వెలవెలబోయాయి. మొక్కు అన్నంలో ఇవేమిటని కోళ్లకు చల్లేశాడు.

సాయంత్రం విస్తరాకులో అన్నం పట్టుకుని ఉత్సాహంగా పోయాడు. గిడ్డమ్మ ఆకు విప్పి చూసింది. నవ్వు మాయమైంది.

"ఇది నాలుగిండ్ల వంతు. మాది యాడ?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. ఆ కళ్లలోకి చూస్తూ ఆడలేకపోయాడు.

"కోళ్లకు ఏసినా."

"అవి మా అవ్వ తినాల్సినవి. పంచుకునేటోడే భక్తుడంటివే, మా గింజ నీ కంటికి ఆనలేదా?"

ఆకు అతని చేతిలోనే పెట్టి తలుపేసుకుంది.

ఆ వారమంతా మగ్గం మీద పోగులు తెగుతూనే ఉన్నాయి. ఆ పిల్ల మీద ప్రేమ, తన మీద తనకే రోత. ఆమె మళ్లీ తలుపు తీయకపోతే ఎట్లా అన్నదొక్కటే దిగులు.

మరుసటి శనివారం నేరుగా ఆ గడపకే పోయాడు. ఈసారి గోవిందనామం వీధంతా వినబడింది. గిడ్డమ్మ తలుపు సగమే తీసింది.

"తప్పయింది. ఇంగోసారి పెట్టు. ఈడనే వండుతా."

"మా అవ్వను మళ్లా పస్తుండమంటావా?"

"మొదటి ముద్ద అవ్వకే."

"పెట్టే, పాపం" అంది అవ్వ ఉరుకుందమ్మ లోపలినుంచి.

వాకిట్లో మూడు రాళ్లు పెట్టి, పొగకు కళ్లు తుడుచుకుంటూ వండాడు. వీధి వీధంతా చూసింది. చూడనీ అనుకున్నాడు. ఎసురు ఎక్కువై కొర్రన్నం జావైంది.

"పండ్లు లేనిదాన్ని, నాకు శానా బాగుండాది" అంది అవ్వ చప్పరిస్తూ.

మిగిలిందంతా ఒక ఆకులో వేసి గిడ్డమ్మ ముందుకు తోశాడు.

"నీకో?"

"నాకొద్దులే."

"ఇదేం పంచుకోవడమప్పా?" ఆకును ఇద్దరి మధ్యకు జరిపింది.

రెండు ముద్దలు తిన్నాక, తలెత్తకుండానే అన్నాడు: "నువ్వంటే నాకు శానా ఇష్టం, గిడ్డమ్మా."

"తెలుసు. ఇష్టం లేనోడైతే కోళ్ల సంగతి చెప్పడు."

అవ్వ బుగ్గన వేలేసుకుంది. "పెండ్లికొడుకూ పెండ్లికూతురూ ఒకే ఆకులో తినే బువ్వబంతి, తాళి కట్టకముందే తింటాండారే! ఒరే అప్పా, పోయి మీ అమ్మను పిల్చుకోని రా."

వెంకటప్ప చటుక్కున లేవబోయాడు. గిడ్డమ్మ ఎడమచేత్తో అతని కండువా పట్టుకుని కూర్చోబెట్టింది.

"తిని పో. నీ వంతు ఇంకా ఉండాది."