ఇంటి ముందు లారీ

పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, కోడలు ముందు గదిలో కుట్టుమిషను దగ్గర కూర్చుంది. నాలుగిళ్ళ బట్టలు కుట్టే దర్జీ ఆమె. ఎండెక్కినా లైటు వేసుకోక తప్పదు, కిటికీకి అడ్డంగా లారీ ఉంది మరి. బయట అత్తగారు స్టూలెక్కి దాని అద్దం తుడుస్తోంది.

లారీ కోడలి భర్తది. నిరుడు పరాయి ఊళ్ళో సరుకు దించుతూ గుండె ఆగి పోయాడు. అతని స్నేహితుడు, అతనూ డ్రైవరే, బండిని తెచ్చి ఇంటి ముందు నిలిపాడు. ఆనాటి నుంచి అది కదల్లేదు.

పాలు కాగేలోపే మునిసిపాలిటీ ఉద్యోగిని వచ్చింది.

"ఇది ఇళ్ళ మధ్య స్థలం కదమ్మా. కారూ స్కూటరూ అయితే ఎవరూ ఏమీ అనరు. ఇంత బండిని ఇంటి ముందు పెట్టకూడదు. ఎదురింటివాళ్ళు ఫిర్యాదు చేశారు."

"మా ఇల్లు, మా జాగా. వాళ్ళ నెత్తిన పెట్టామా?" అత్తగారు స్టూలు దిగకుండానే గయ్యిమంది.

"రూలు నేను పెట్టింది కాదు పెద్దమ్మా." ఆవిడ టేపుతో లారీ పొడవు కొలిచింది. "ఒక దారుంది. వెనక పెరట్లో, రోడ్డుకి కనపడకుండా పెట్టుకుంటే ఒప్పుకుంటారు. ఇంటి యజమాని వచ్చి సంతకం చెయ్యాలి. లేదంటే ఊరి చివర లారీలు నిలిపే యార్డుకి పంపెయ్యండి. నెలాఖరులోగా తేల్చండి."

ఆవిడ అటు వెళ్ళగానే అత్తగారి మొహం విప్పారింది.

"విన్నావా అమ్మాయ్! పక్క గోడ కొట్టిస్తే బండి పెరట్లోకి పోతుంది. ఇల్లు నీ పేరేగా, రేపే సంతకం పెట్టేసిరా."

"పెట్టను అత్తయ్యా."

"పెట్టవా? వాడి బండి నీకు కంట్లో నలకైపోయిందా? మొగుణ్ణి మర్చిపోడానికి ఏడాది చాలిందన్నమాట!"

కోడలు కత్తెర బల్ల మీద పడేసింది.

"మర్చిపోడమా! పొద్దున్న కళ్ళు తెరవగానే కిటికీలో లారీ కనిపిస్తుంది. వచ్చేశారనుకుంటాను. రాత్రి నన్ను లేపకుండా పడుకున్నారేమోనని పక్కకి చెయ్యి చాస్తాను. అప్పుడు గుర్తొస్తుంది. రోజూ అత్తయ్యా, రోజూ ఆయన నాకు కొత్తగా పోతున్నారు. పెరట్లో పెడితే వంటింటి కిటికీలోంచి కనిపిస్తుంది, అంతేగా తేడా?"

అత్తగారు గడప మీద కూలబడింది. చేతిలో తడిగుడ్డ అలాగే ఉంది.

"నాకూ అంతేనే. వచ్చాడనుకునే ఆ ఒక్క క్షణం కోసమే పొద్దున్న లేస్తున్నాను. అదీ లేకపోతే ఇంకెందుకు లేవాలి?"

కోడలికి ఇప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ ఇద్దరూ ఒకే భ్రమతో నిద్ర లేచారు. తను దాన్నుంచి పారిపోవాలని చూస్తే, ఈవిడ దాన్నే పట్టుకుని వేలాడింది. వంటింట్లో పాలు మాడుతున్న వాసన వచ్చింది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.

"ఏడవకండి. సంతకం పెడతాను," అంది కోడలు పక్కన కూర్చుని.

అత్తగారు తడిగుడ్డ పక్కన పెట్టింది. "వద్దులే. రోజూ నిన్ను ఏడిపించి నేను బతకాలా? ఒక్కటి మాత్రం కావాలి. బండెక్కమ్మా, తిప్పుతానని వాడు బతిమాలినప్పుడల్లా నడుం నొప్పనేదాన్ని. యార్డుదాకా నేనూ వస్తాను."

ఆదివారం స్నేహితుడు వచ్చి బ్యాటరీ మార్చాడు. కోడలు కిందనుంచి తోస్తే, అతను పైనుంచి చెయ్యిచ్చి లాగితే, అత్తగారు ఆయాసపడుతూ ఎక్కి కూర్చుంది. వెనకే కోడలూ ఎక్కి పక్కన కూర్చుంది. ఇంజను దగ్గి దగ్గి అందుకుంది. వీధి మలుపు తిరిగాక గోడల మీదుగా పెరళ్ళూ, మేడల మీద ఆరేసిన బట్టలూ కనిపించాయి.

"ఇంత ఎత్తునుంచి చూసేవాడా లోకాన్ని!" అంటూ ఆవిడ ఏడుస్తూనే నవ్వింది.

యార్డు గేటు రాగానే అతను వేగం తగ్గించాడు. ఆవిడ గేటు వైపు చూడనేలేదు.

"అబ్బాయ్, వాడు ఈ రోడ్డునే వెళ్ళేవాడా?"

"ఇదే పెద్దమ్మా."

ఆవిడ వేళ్ళు కోడలి చేతి చుట్టూ బిగుసుకున్నాయి. కోడలికి ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది.

"అన్నయ్యా, ఆపకండి. ఇంకాస్త దూరం పోనివ్వండి."

లారీ గేటు దాటింది. చాలాసేపటిదాకా ఎవరూ వెనక్కి తిప్పమనలేదు.