అత్తగారి స్వెటర్

మా ఇంట్లో రోజు తెల్లవారుజామున నాలుగింటికి మొదలవుతుంది. ఏడు ఆవులు. పేడ ఎత్తాలి, పొదుగులు కడగాలి, పాలు పితకాలి, పాలబండి వచ్చేలోగా క్యాన్లు గేటు బయట పెట్టాలి. సాయంత్రం మళ్ళీ ఇదే. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో కడుపునిండా తిన్నానేమో గాని, కంటినిండా నిద్రపోయింది లేదు.

మా అత్తకి ఇవేవీ పట్టేవి కావు. నేను కాస్త చతికిలబడితే చాలు, "అలా కూర్చుంటే పనులు వాటంతటవే అవుతాయా అమ్మాయ్?" అనేది. డెబ్భై ఏళ్ళ మనిషి. మోకాళ్ళకి నొప్పుల మందు రాసుకుని, గోధుమరంగు స్వెటర్ తొడుక్కుని, నా కంటే ముందే కొట్టంలో ఉండేది. పోయిన నెలలో ఓ రాత్రి ఆ స్వెటర్ కొక్కేనికి తగిలించి పడుకుంది. మళ్ళీ లేవలేదు.

ఏడ్చాను. అబద్ధమెందుకు, సగం ఏడుపు ఆమె కోసం, సగం ఆమె పని కూడా నా నెత్తిన పడినందుకు.

చిక్కంతా నల్లదానితో వచ్చింది. ఆ ఆవు అత్త చెయ్యి పడితే తప్ప చేపదు. పొదుగు నిండా పాలుంటాయి, ఒక్క చుక్క దిగనివ్వదు. నేను దగ్గరికెళితే తన్నబోయింది. మా ఆయన మగధీరుడిలా వెళ్ళి మణికట్టు విరగ్గొట్టించుకున్నాడు. చేతికి కట్టుతో ఆయన కూలబడ్డాక కొట్టమంతా నా ఒక్కదాని పాలయింది. రెండో రోజుకి నల్లదాని పొదుగు రాయిలా గట్టిపడింది. ఒళ్ళు కాలిపోతోంది.

పశువుల డాక్టరు వచ్చి చూసి పెదవి విరిచాడు.

"ఇంజెక్షన్ చేశాను గాని, ఆ పాలు బయటికి రాకపోతే దక్కదమ్మా. పెద్దావిడ వేసుకున్న బట్టలేమైనా ఉన్నాయా? ఉతకనివి?"

"ఒక స్వెటర్ ఉందండీ."

"అది వేసుకుని కూర్చో. గొడ్డు మొహం చూడదు, వాసన చూస్తుంది."

వేసుకున్నాను. నొప్పుల మందు, పేడ, విరిగిన పాలు... అత్త నన్ను పట్టుకుని నిలబడ్డట్టే ఉంది. బకెట్ పెట్టుకుని పొదుగు పక్కన కూర్చున్నాను. నల్లది తల తిప్పి స్వెటర్ చెయ్యిని చాలాసేపు వాసన చూసింది. తర్వాత చేపింది. మొదట గడ్డలు గడ్డలుగా, ఆపైన ధారగా. ఆ చప్పుడు వింటుంటే నాకు ఏడుపొచ్చింది.

నుదురు దాని డొక్కకి ఆనించి, పితుకుతూనే ఒక్క క్షణం కళ్ళు మూశాను.

తెరిచేసరికి ఏడు ఆవుల పాలూ పితకడం అయిపోయింది. క్యాన్లు నిండి ఉన్నాయి. కొట్టం కడిగి ఉంది. నాకు ఒంట్లో ఎక్కడా నొప్పి లేదు.

భయపడాల్సిన విషయమే. పడలేదు. అన్నేళ్ళ తర్వాత నిద్ర దొరికిన దానికి భయమెక్కడిది? మర్నాడు స్వెటర్ వేసుకుని కావాలనే కళ్ళు మూశాను. ఆ మర్నాడూ అంతే.

నిద్ర పెరుగుతూ పోయింది. మొదట్లో కొట్టంలోనే మెలకువ వచ్చేది. తర్వాత గేటు దగ్గర. తర్వాత వంటింట్లో, తినేసిన కంచం ముందు. "కుంటుతున్నావేంటి, మోకాళ్ళు నొప్పా?" అని ఒకసారి మా ఆయన అడిగాడు. నా మోకాళ్ళు ఎప్పుడూ నొప్పి పెట్టలేదు.

ఆ సాయంత్రం ముసురు పట్టింది. కొట్టంలో తడిగడ్డి వాసన, రేకుల మీద చినుకుల చప్పుడు. నల్లదాని డొక్కకి నుదురు ఆనించాను...

కళ్ళు తెరిచేసరికి బయట చీకటి పడింది. నొప్పుల మందు వాసన. అత్త మంచం మీద కూర్చుని ఉన్నాను. చేతిలో దువ్వెన. ఎదురుగా నా ఆరేళ్ళ కూతురు, వీపు నా వైపు పెట్టి. జడ అల్లడం అయిపోయింది. అంత బిగువుగా నేనెప్పుడూ వెయ్యను.

"నానమ్మా..." గుసగుసగా అంది.

దువ్వెన మంచం మీద పడేశాను.

"అమ్మ ఇవాళ కూడా రాదా?"

"నేనేరా... నేనే అమ్మని."

పాప వెనక్కి తిరగలేదు.

"నువ్వు రోజూ ఇలాగే అంటావు."

స్వెటర్ ఎలా విప్పానో తెలియదు. స్నానాలకి నీళ్ళు కాచే పొయ్యిలో కుక్కాను. ఉన్ని కాలిన కంపు ఇల్లంతా పట్టింది. చర్మం మండేదాకా సబ్బుతో రుద్దుకున్నాను. ఆ రాత్రి కళ్ళు మూయలేదు. మూస్తే... ఎవరు తెరుస్తారో.

నాలుగయింది. ఉతికిన నా బట్టలు వేసుకుని కొట్టంలోకి వెళ్ళాను. నడుం పీకుతోంది, భుజాలు లాగుతున్నాయి, కళ్ళు మండుతున్నాయి. ఒంటి నొప్పులు చూసి అంత సంబరపడతానని ఎన్నడూ అనుకోలేదు. అవి నావి.

నల్లదాని పక్కన బకెట్ పెట్టుకుని కూర్చున్నాను. అది తన్నాలి. చేపకూడదు. నాకు కావలసింది అంతే.

"తన్నవే తల్లీ," అని గొణిగాను. "చెయ్యి విరిగినా ఫరవాలేదు... తన్ను."

నల్లది తల తిప్పింది. నా మణికట్టు వాసన చూసింది. చాలాసేపు... గరుకు నాలుకతో మోచేతి దాకా నాకింది.

చేపింది.

గుమ్మంలో అలికిడయింది. మా ఆయన. పక్కన నిద్రకళ్ళతో పాప.

"హమ్మయ్య," అన్నాడు నవ్వుతూ. "స్వెటర్ లేకపోయినా గుర్తుపట్టిందే!"

"ఎవర్ని?" అన్నాను, వెనక్కి తిరిగి.

ఆయన నా మొహంలోకి చూశాడు. నవ్వు ఆగిపోయింది. బాగున్న చేత్తో, మెల్లగా, పాపని తన వెనక్కి లాక్కున్నాడు.