మూడో బెంచీ షాట్

"కట్!" అన్నాడు కెమెరా వెనక నిలబడ్డ కుర్రాడు.

మూడో తరగతి గది ఒక్కసారిగా గప్‌చుప్ అయిపోయింది. బోర్డు దగ్గర కాగితం ముక్కలు పట్టుకుని పాఠం చెబుతున్న అమ్మాయి మెల్లగా ఇటు తిరిగింది. ఆ తిరగడంలోనే తనకి మూడిందని కుర్రాడికి తెలియాల్సింది. తెలియలేదు.

"సారీ అండీ, ఫోకస్ పోయింది," అని ముందు బెంచీలో ఉన్న రెండు జడల పాపని పలకరించాడు. "పాపా, ఇందాకటిలాగే ఇంకోసారి చెయ్యమ్మా. ముందు అర్థం కానట్టు మొహం పెట్టు. తర్వాత అర్థమైనట్టు గట్టిగా అరువు."

"కానీ నాకు అర్థమైపోయింది కదన్నా," అంది పాప.

"తెలుసులే. ఊరికే, కానట్టు."

"అయిపోయాక కానట్టు ఎలా అవుతుంది?"

క్లాసంతా ఘొల్లుమంది. వెనక బెంచీ వాళ్ళయితే అర్థం కాని మొహాలు ఎలా ఉంటాయో ఒకళ్ళకొకళ్ళు చేసి చూపించుకోవడం మొదలుపెట్టారు. సగానికంటే పావు ఎందుకు చిన్నదో అరగంట కష్టపడి కాగితాలు మడిచి చూపించిన పాఠం కాస్తా గాలికి పోయింది.

వరండాలోకి వచ్చాక అమ్మాయి నిప్పులు చెరిగింది.

"మీకసలు బుద్ధుందా? నాలుగు పెద్దదైతే పావు ఎందుకు చిన్నది టీచర్ అని ఆ పాప వారం నుంచి నన్ను అడుగుతోంది. ఇవాళ, ఇప్పుడు, దానంతట అదే తెలుసుకుని ఎగిరి గంతేసింది. దాన్ని మీరు ఇంకో టేక్ అడుగుతారా?"

"ఫోకస్ లేకపోతే షాట్ పనికిరాదండీ."

"మీ షాట్ కోసం పిల్లలకి రోజూ కొత్తగా మతిమరుపు తెప్పించమంటారా?"

కోపంలో ఆ అమ్మాయి కళ్ళు అంత పెద్దవవుతాయని కుర్రాడికి అప్పటిదాకా తెలియదు. ఆ కళ్ళు చూస్తూ తిట్లలో సగం వినలేదు. విన్న సగానికి సిగ్గుపడ్డాడు.

యూనివర్సిటీలో ఆ ఏడాదే పెట్టిన కోర్సు అది. మీడియా చదివేవాళ్ళనీ, టీచర్ ట్రైనింగ్ చదివేవాళ్ళనీ ఇద్దరిద్దరిగా జత చేసి, బడికి పంపి, ఒక పాఠాన్ని సినిమాగా తీసుకురమ్మంటారు. కోర్సు నడిపే ప్రొఫెసర్ మేడమ్ పెట్టిన షరతు ఒక్కటే. బిడ్డకి పాఠం అర్థమైన క్షణం సినిమాలో ఉండాలి. నటన కుదరదు, నిజంగా అర్థమవ్వాలి.

"ఆ నిజాన్నే ఇతను రెండోసారి చెయ్యమన్నాడు మేడమ్," అంది అమ్మాయి, ఆ సాయంత్రమే మేడమ్ గదిలో నిలబడి. "నాకు పార్ట్‌నర్ని మార్చండి."

మేడమ్ కళ్ళజోడు మీదుగా కుర్రాణ్ణి చూసింది. "ఏమంటావయ్యా?"

"నాకు మార్చక్కర్లేదు మేడమ్," అన్నాడు కుర్రాడు, అడిగిన మరుక్షణంలో. అని తనే ఉలిక్కిపడ్డాడు.

"వచ్చే వారం ఇంకో పాఠం ఉంది. అది తీసుకురండి. హాల్లో అందరి ముందు వేద్దాం. ఆ క్షణం అందులో కనబడితే మీరిద్దరూ కలిసి ఏడాదంతా పనిచేస్తారు. కనబడలేదో, మార్చేస్తా. వెళ్ళిరండి."

మెట్లు దిగుతూ అమ్మాయి అంది, "వారమంతా రోజూ బడికి రండి. కెమెరా లేకుండా."

"కెమెరా లేకుండా నేనేం చేస్తానండీ?"

"పిల్లలేం చేస్తారో అదే. చివరి బెంచీలో కూర్చోండి."

కూర్చున్నాడు. మోకాళ్ళు గెడ్డానికి తగిలే బెంచీలో, ఆరడుగుల మనిషి, చేతులు కట్టుకుని మరీ కూర్చున్నాడు. పిల్లలు మొదటి రోజు నవ్వారు, రెండో రోజు పెన్సిళ్ళు చెక్కించుకున్నారు, మూడో రోజుకి అతను గదిలో ఉన్నాడన్న సంగతే మర్చిపోయారు. అప్పటికే అతనికి 'కట్ అన్నయ్య' అని పేరు పెట్టేశారు. అమ్మాయి కూడా అలాగే పిలవడం మొదలుపెట్టింది, అన్నయ్య అన్నది మాత్రం వదిలేసి.

"కట్ గారూ, ఇవాళ ఏం నేర్చుకున్నారు?" అని అడిగింది ఒక సాయంత్రం, బడి ఎదురుగా బస్టాప్‌లో. వాన దంచికొడుతోంది. బస్సు జాడ లేదు. ఆమె దగ్గర గొడుగుంది, అతని దగ్గర రెండు పేపర్ కప్పుల టీ ఉంది. ఒక కప్పు ఇస్తే గొడుగులో సగం దొరికింది.

"మూడో బెంచీ పాపకి అన్నీ వచ్చండీ, పంతులమ్మగారూ."

"ఆ పాపా? నోరే విప్పదే! నేనొచ్చి నెల దాటింది, ఒక్క మాట వినలేదు."

"మీరు ప్రశ్న వెయ్యగానే తల దించుకుని చేతిలో ఉన్న రబ్బరుకి చెప్తోంది జవాబు. వెనక నుంచి వినబడుతోంది. ఇవాళ ఐదడిగారు, ఐదూ కరెక్టే."

అమ్మాయి టీ తాగడం మర్చిపోయింది. "నిజంగా? నాకెందుకు కనబడలేదు?"

"మీరు తనవైపు తిరిగితే ఆపేస్తోంది. ఎవరు చూసినా ఆపేస్తోంది."

ఆమె అతన్ని ఎగాదిగా చూసి, "ఫర్వాలేదే! నీకు ఫోకస్ చెయ్యడం వచ్చే," అంది.

మీరు కాస్తా నువ్వు అయినందుకు కుర్రాడికి వానలో తడవాలనిపించింది. గొడుగులోంచి బయటికి అడుగేసి తడిశాడు కూడా. "పిచ్చా?" అని ఆమె చొక్కా పట్టుకుని లోపలికి లాగింది. ఆ రోజు బస్సు ఇంకో గంట ఆలస్యమైనా అతనికి అభ్యంతరం ఉండేది కాదు. పాడు బస్సు అప్పుడే వచ్చింది.

ఆ వారంలోనే అతనికి ఒకటి స్పష్టంగా తెలిసిపోయింది. మార్కులు పోతే పోనీ, కోర్సు ఇంకోసారి చదువుకోవచ్చు. ఈ అమ్మాయి పక్కన పనిచేసే అవకాశం పోతే మాత్రం తట్టుకోలేడు.

రెండో పాఠం నీడల గురించి. కిటికీలు మూసి, బల్ల మీద పెన్సిల్ నిలబెట్టి, టార్చిలైటుతో అమ్మాయి పాఠం మొదలుపెట్టింది. లైటు కిందికి వంచితే పెన్సిల్ నీడ బల్ల చివరిదాకా సాగింది. పైకెత్తేకొద్దీ పొట్టిదైపోయింది. ఆమె కాలరుకి తగిలించిన చిన్న మైకు, ఈ మూల కుర్రాడు పెట్టుకున్న హెడ్‌ఫోన్లలోకి ఆమె ఊపిరిని కూడా మోసుకొస్తోంది. పని మీద మనసు నిలపడానికి అతను చాలా అవస్థపడ్డాడు.

"పొద్దున నీ నీడ పొడుగ్గా ఉంటుంది కదా, మరి మధ్యాహ్నం ఏమైపోతుంది?" అని అడిగింది ఆమె, క్లాసంతటినీ.

తలొకటీ అరిచారు. మూడో బెంచీ పాప మాత్రం ముందుకు వంగి, బల్ల మీది పెన్సిల్ని కన్నార్పకుండా చూస్తోంది. పెదాలు కదులుతున్నాయి. కుర్రాడు కెమెరా మీదికి వంగాడు. వస్తోంది. మేడమ్ అడిగిన క్షణం, నూటికి నూరుపాళ్ళ నిజం, అదిగో వస్తోంది. కెమెరా పాప మీదికి తిప్పాడు. ఫోకస్ అద్దంలా కుదిరింది.

పాప కంటికి లెన్సు మెరుపు తగిలింది. అంతే, పెదాలు ఆగిపోయాయి. తల దిగిపోయింది.

ఒక్క షాట్. అలాగే ఉంచి కాసేపు ఓపిక పడితే పాప మళ్ళీ తల ఎత్తినా ఎత్తవచ్చు. ఎత్తకపోనూ వచ్చు. ఎత్తకపోతే ఆ మాట మళ్ళీ రబ్బరుకే చెప్పుకుంటుంది.

కుర్రాడు కెమెరాని పక్కకి తిప్పేశాడు.

తిప్పిన చోట పంతులమ్మ మొహం ఉంది. లైటు పట్టుకుని, పాప పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తనూ పాపని చూడకుండా పెన్సిల్నే చూస్తోంది. అతను అక్కడే ఆపాడు. చెవుల్లో మైకు గుసగుసలాడింది.

"టీచర్... అంటే, మధ్యాహ్నం నా నీడ ఇంటికి పోలేదన్నమాట. నా కాళ్ళ కిందే ఉందన్నమాట."

ఆ మాటకి పంతులమ్మ మొహంలో ఏం జరిగిందో కుర్రాడు ఆ తర్వాత ఎన్నిసార్లు ఎడిటింగ్ గదిలో చూసుకున్నాడో అతనికే తెలియదు. కళ్ళు ముందు పెద్దవయ్యాయి, తర్వాత తడయ్యాయి, చివరికి నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కుంది.

గంట కొట్టగానే ఆమె పరిగెత్తుకుంటూ వచ్చింది. "విన్నావా? మాట్లాడింది! నాతో మాట్లాడింది! పాప మొహం వచ్చిందా షాట్‌లో?"

"రాలేదు."

"ఎందుకు రాలేదు?"

"కెమెరా వేరేవైపు ఉంది."

ఆమె మొహం మాడిపోయింది. "వారమంతా ఆ బెంచీలో కూర్చుని, తీరా ఇవాళ వేరేవైపు చూస్తున్నావా? నీకు చెప్పడం నాదే బుద్ధి తక్కువ!"

"అది కాదు, నేను..."

"ఏం చెప్పకు. వద్దు."

విసవిసా వెళ్ళిపోయింది. వెనకాలే వెళ్ళి చెప్పచ్చు. కానీ కుర్రాడికి రోషం వచ్చింది. తీసింది చూపిస్తాడు గానీ దానికి సంజాయిషీ చెప్పుకోవడం అతనికి చేతకాదు. ఆ రోషం రాత్రికల్లా కరిగిపోయి బెంగ మిగిలింది. ఫోన్ చేస్తే ఆమె ఎత్తలేదు.

సినిమాలు వేసే రోజు హాలు నిండిపోయింది. ఇళ్ళవాళ్ళని కూడా పిలిచారు. అమ్మాయి వాళ్ళ నాన్నతో వచ్చి ముందు వరసలో కూర్చుంది. ఆయన డ్రైవింగ్ స్కూల్ నడుపుతాడు. సీట్లో కూర్చున్నా కుడికాలు బ్రేకు మీద ఉన్నట్టే పెడతాడు.

లైట్లు ఆరిపోయాయి. పెన్సిల్ నీడ సాగింది, కుంచించుకుపోయింది. తర్వాత తెర నిండా పంతులమ్మ మొహం. ఎక్కడి నుంచో ఒక బుల్లి గొంతు, నీడ ఇంటికి పోలేదని, కాళ్ళ కిందే ఉందని చెప్పింది. తెర మీది కళ్ళు తడవుతుంటే ముందు వరసలో నాన్న జేబురుమాలు తీశాడు. అమ్మాయి మాత్రం బొమ్మలా కూర్చుండిపోయింది.

లైట్లు వెలిగాయి. మేడమ్ లేచింది.

"పాప మొహం ఏదయ్యా?"

"కెమెరా చూస్తే ఆ పాప మాట ఆపేస్తుంది మేడమ్," కుర్రాడు లేచి నిలబడ్డాడు. "షాటా, పాప మాటా అనొచ్చింది. మాటే ఉండనిద్దామనుకున్నాను. అర్థమైన సంగతి పాప మొహంలో కాకపోతే ఇంకెవరి మొహంలో కనిపిస్తుందో వెతికి అటు తిప్పాను."

చప్పట్లు మోగాయి. మేడమ్ చెయ్యెత్తి ఆపింది. "బానే ఉంది. మరి పాప చెప్పడం అయిపోయింది, గంట కూడా కొట్టేశారు. అయినా కెమెరా ఆ మొహం మీదే ఉంది. అదెందుకు?"

హాలంతా ముసిముసి నవ్వులు. ఒక్క అబద్ధం చెబితే కుర్రాడు గట్టెక్కిపోతాడు. ముందు వరసలోంచి ఆ పెద్ద కళ్ళు ఇటే చూస్తున్నాయి.

"తిప్పబుద్ధి కాలేదు మేడమ్," అన్నాడు.

ఈలలతో హాలు దద్దరిల్లింది. అమ్మాయి రెండు చేతుల్లో మొహం దాచుకుంది. కుర్రాడికి చెవులు ఎర్రబడి, చొక్కా వీపుకి అతుక్కుపోయింది. మేడమ్ నవ్వు దాచుకోవడానికి కళ్ళజోడు తుడుచుకుని, "ఏమ్మా, పార్ట్‌నర్ని మార్చమన్నావు. నేనడిగిన క్షణం కనబడింది కాబట్టి నేనైతే మార్చను. నీకింకా మార్చుకోవాలని ఉంటే చెప్పు," అంది.

అమ్మాయి లేచింది. లేచి, మేడమ్‌తో కాదు, అతనితోనే అంది.

"ఆ రోజు చెప్పి ఏడవచ్చుగా?"

"నువ్వు చెప్పనిచ్చావా?"

"ఫోన్ ఎత్తకపోతే ఇంటికి రావచ్చుగా?"

"వచ్చి ఏం చెప్పను? నువ్వంటే నాకు ప్రాణం, అందుకే షాట్ కుదిరిందని చెప్పనా?"

"అదే చెప్పు! అది వినడానికేగా నేను నాలుగు రోజుల నుంచి అన్నం సహించక తిరుగుతున్నాను!" అనేసి, పక్కన నాన్న ఉన్నాడని అప్పుడు గుర్తొచ్చి, నాలుక కరుచుకుంది. "ఏం మార్చద్దు మేడమ్," అంది, దాదాపు వినబడనంత మెల్లగా.

"ఏడాది వరకే నా చేతుల్లో ఉంది. ఆ పైన మీ నాన్నగారిని అడగండి," అంది మేడమ్.

నాన్న లేచాడు. ఆయన నడిచి వచ్చి కుర్రాడి ఎదురుగా నిలబడి, చాలాసేపు పైనుంచి కిందిదాకా పరీక్షించాడు.

"పాతికేళ్ళుగా డ్రైవింగ్ నేర్పిస్తున్నాను బాబూ. ఎదురుగా చూడరా నాయనా అంటే పక్కకి చూసేవాళ్ళతోనే నా జుట్టంతా నెరిసింది. పక్కకి చూసి మంచిపని చేసినవాణ్ణి ఇవాళే చూశాను. నీకు బండి నడపడం వచ్చా?"

"రాదండీ," అన్నాడు కుర్రాడు, పనైపోయిందనుకుంటూ.

"రాదు నాన్నా, అస్సలు రాదు," అంది అమ్మాయి ఆదుర్దాగా. "కానీ చివరి బెంచీలో కూర్చోపెడితే నేర్చుకుంటాడు."

"నేర్పిద్దాంలే," అన్నాడు నాన్న, కుర్రాడి భుజం మీద చెయ్యేసి. "నేర్పడం మనింట్లో అందరికీ అలవాటేగా."