కోరస్ దగ్గర కాస్త ఆగు

“పాడుతున్నారా, ట్రైన్ కోసం పరుగెడుతున్నారా?”

పియానో మీంచి చేతులు తీసేసి అడిగింది అలేఖ్య.

అభిజిత్ తెల్లబోయాడు. ఏ ఊళ్లోనూ ఎవరూ అతని పాటని మధ్యలో ఆపలేదు.

“మీరు నన్ను ఫాలో అవ్వాలండీ.”

“అవుతున్నాను. అందుకోవడమే కుదరట్లేదు!”

అభిజిత్ లీడ్స్‌లో పుట్టి పెరిగాడు. వందేళ్ల కిందట ఇంగ్లండు మ్యూజిక్ హాళ్లలో, బీరు గ్లాసుల చప్పుళ్ల మధ్య జనం గొంతు కలిపి పాడుకున్న చిలిపి పాటల్ని వెతికి తీసి, దేశదేశాలూ తిరిగి పాడుతుంటాడు. సింగపూర్‌లో దిగగానే అతని పియానిస్టు జ్వరంతో మంచానపడ్డాడు. రాఫెల్స్ ప్లేస్‌లో బ్యాంకు ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు పియానో వాయించే అలేఖ్యని థియేటర్ వాళ్లు పిలిపించారు.

రిహార్సల్ అయ్యాక ఇద్దరూ చిన్న చిన్న తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌కి వెళ్లారు. బయట ఒకటే వాన. అలేఖ్య టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి టీ తేవడానికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి అభిజిత్ ఆ టిష్యూలతో తల తుడుచుకుంటున్నాడు. టేబుల్ దగ్గర వేరేవాళ్లు కూర్చున్నారు.

“అయ్యో, అది చోప్ చేశాను లా! టేబుల్ మనదని ఇక్కడ అదే గుర్తు!” అంది సింగపూర్ యాసలో.

“నాకేం తెలుసు? తుడుచుకోమని పెట్టారనుకున్నా!”

నవ్వాపుకోలేక టీ ఒలకబోసుకుంది. అతను నవ్వుతూనే ఫోన్‌లో మెల్‌బోర్న్ ఫ్లైట్ టైమ్ చూసుకున్నాడు. అది ఆమెకి ఎందుకో నచ్చలేదు.

“ఈ పాటలే ఎందుకు?” అడిగింది.

“అమ్మ వృద్ధుల హోమ్‌లో నర్సు. స్కూలయ్యాక అక్కడికే వెళ్లేవాణ్ణి. పిల్లల పేర్లు మర్చిపోయినవాళ్లు కూడా ఈ కోరస్ వస్తే గొంతు కలిపేవాళ్లు.”

“మరి మీరు కోరస్ దగ్గర ఎవర్నీ అందుకోనివ్వరేం?”

అతను కప్పు పక్కకి జరిపాడు. “నేను ఆగినప్పుడు ఎవరూ పాడకపోతే?” అన్నాడు.

మర్నాడు షో. అభిజిత్ ఎప్పట్లాగే పాటని పరుగెత్తించాడు. జనం మర్యాదగా చప్పట్లు కొట్టారు. రెండో పాటలో కోరస్ రాగానే అలేఖ్య నెమ్మదించింది. అతను గుర్రుగా చూశాడు. ఆమె హాలు వైపు తలూపి, వాయించిందే వాయిస్తూ కూర్చుంది. తప్పక అతనూ ఆగాడు.

నిశ్శబ్దం.

ముందు వరసలోంచి ఒక పెద్ద గొంతు, శ్రుతి లేకుండా, మాటలన్నీ తప్పుగా అందుకుంది. అలేఖ్య వాళ్లమ్మ ప్రభావతి! హాలంతా గొల్లుమంది. ఆ నవ్వుల్లోంచే ఒక్కొక్కరూ గొంతు కలిపారు. అభిజిత్‌కి కళ్లు చెమర్చి తర్వాతి చరణం రాలేదు.

షో అయ్యాక ఇద్దరూ స్టేషన్ దాకా నడిచారు. ట్రైన్లు వస్తున్నాయి, పోతున్నాయి. ఇద్దరిలో ఎవరూ ఎక్కలేదు.

“పొద్దున్నే ఫ్లైట్,” అన్నాడు.

“సేఫ్ జర్నీ,” అంది. చెప్పాలనుకున్నది అది కాదు.

అతను వెళ్లాక ఆమెకి ఏ పనిమీదా మనసు నిలవలేదు. ఆఫీసులో కూర్చోలేకపోయింది, ఇంట్లో పడుకోలేకపోయింది. పియానో మూత తీస్తుంది, మూస్తుంది. ఒక సాయంత్రం ఫోన్ మోగింది.

“ఇక్కడి పియానిస్టు నన్ను భలే ఫాలో అవుతున్నాడు.”

“సంతోషం.”

“ఏం సంతోషం? నన్ను ఆపేవాళ్లే లేరు. అలేఖ్యా, నాకు నువ్వు కావాలి. స్టేజి మీదే కాదు.”

తొలిసారి ‘నువ్వు’ అన్నాడు.

“నేను నీతో ఊళ్లు తిరగలేను, అభీ.”

“తిరగకుండా నేనుండలేను. కానీ తిరిగి రావడానికి నాకంటూ ఏ ఊరూ లేదు. అలాంటి ఊరొకటి ఉండాలని ఇప్పుడే అనిపిస్తోంది.”

“అయితే రా,” అంది.

టూర్ ముగిశాక, అభిజిత్ చోవా చూ కాంగ్‌లోని అలేఖ్య వాళ్ల ఫ్లాట్ ముందు వానలో తడిసి నిలబడ్డాడు. ప్రభావతి తలుపు తీసి ఎగాదిగా చూసింది.

“ఎన్నాళ్లుంటావు బాబూ?”

“నెలాఖరుకి మళ్లీ వెళ్లాలి ఆంటీ. అవగానే ఇక్కడికే వస్తాను.”

ఆవిడ కూతురి వైపు తిరిగింది. “వస్తాడంటావా?”

“వస్తాడమ్మా.” అలేఖ్య అతని చేతిలోని తడి బ్యాగు అందుకుని లోపలికి నడిచింది.