పైకా, కిందకా?

"ఒక జడా, రెండు జడలా?" దువ్వెన పట్టుకుని తల్లి మూడోసారి అడిగింది. పిల్ల పలకలేదు. అవతల స్కూలు బస్సు వచ్చే వేళవుతోంది. కుట్టుమిషన్ మీద సాయంత్రానికి ఇవ్వాల్సిన గౌను సగంలో ఉంది.

ఇంట్లో అందరూ 'వాగుడుకాయ' అని పిలిచే ఆరేళ్ళ పిల్ల అది. నిద్రలో కూడా కబుర్లు చెప్పేది. అలాంటిది కొన్నాళ్ళుగా నోటికి తాళం వేసుకుంది. పాలా, నీళ్ళా అంటే నేలచూపులు. ఎర్ర గౌనా, నీలం గౌనా అంటే కళ్ళనిండా నీళ్ళు. ఏమడిగినా జవాబు చెప్పడం లేదని టీచర్ కూడా ఫోన్ చేసింది. బడిలో ఎవరేమన్నారో, ఏం చేశారోనని తల్లికి కంటిమీద కునుకు లేదు. మనసు కీడు శంకించక ఊరుకుంటుందా!

"ఏమైందే తల్లీ? నాకు చెప్పవూ?"

పిల్ల వెనక గదివైపు చూసి గొంతు తగ్గించింది. "తప్పు చెప్తే నాన్న డబ్బులు పోతాయి."

"ఏం డబ్బులే?"

"నాన్న రోజూ ఫోన్ పట్టుకుని 'పైకా, కిందకా' అని అడుగుతాడుగా. నేను పైకి అన్నాను. కిందకి పోయింది. నాన్న ఏడ్చాడమ్మా."

తల్లి దువ్వెన పక్కన పడేసింది. విసురుగా వెనక గదిలోకి వెళ్ళింది. సెలూన్‌కి బయల్దేరాల్సిన భర్త కత్తెర్ల సంచీ పక్కన పెట్టుకుని ఫోన్‌లో తలదూర్చి ఉన్నాడు.

"ఏమిటండీ ఈ పైకీ కిందకీ?"

ఆయన ఫోన్ వెనక్కి దాచుకున్నాడు. "బిట్‌కాయిన్... అయిదు నిమిషాల్లో ధర పెరుగుతుందా, తగ్గుతుందా అని పందెం. పసిపిల్లల నోటిమాట ఫలిస్తుందంటారుగా. మొదట్లో అది చెప్పినట్టే జరిగింది."

"ఆహా, మీ తెలివి తెల్లారినట్టే ఉంది! సొంత సెలూన్‌కి దాచిన డబ్బేనా?"

"సగం పోయింది. పోయింది రాబట్టుదామని..."

"డబ్బు పోతే నాకు మిషనుంది, మీకు కత్తెరుంది. పిల్ల మాట పోతే ఎక్కణ్ణుంచి తెస్తారండీ?"

"దాన్ని నేను ఒక్క మాట అనలేదే!"

"అనక్కర్లేదు. మీ మొహం చూసింది, చాలు. అటు చూడండి."

తలుపవతల పిల్ల రెండు బూట్లూ చేతుల్లో పట్టుకుని నిలబడి ఉంది. ముందు కుడిది తొడగాలా, ఎడమదా అని ఒకదాన్నీ ఇంకోదాన్నీ మార్చి మార్చి చూస్తోంది. ఎటూ తేల్చుకోలేకపోతోంది.

ఆయన అలాగే చూస్తుండిపోయాడు. చేతిలో ఫోన్ తర్వాతి పందేనికి టింగుమంది. ఈసారి చూడలేదు. ఆ యాప్ తీసేసి, ఫోనూ బ్యాంకు కార్డూ భార్య చేతిలో పెట్టాడు. వెళ్ళి పిల్ల ముందు చతికిలబడ్డాడు.

"తప్పు నాదమ్మా. నీది కానే కాదు. ఆ ఆట ఇంక ఆడను. రా, ఇవాళ జడ నేను వేస్తాను. ఒకటా, రెండా?"

పిల్ల తండ్రి మొహంలోకి వెతుకుతున్నట్టు చూసింది. "తప్పు చెప్తే?"

"ఇందులో తప్పేముంది బంగారం? నచ్చకపోతే విప్పేసి మళ్ళీ వేస్తాను." కళ్ళు తుడుచుకున్నాడు.

వీధి చివర బస్సు హారన్ మోగింది. ఎవరూ కదల్లేదు.

"మూడు," అంది పిల్ల.

"మూడా!"

"ఊఁ. ఒకటి ముందుకి. దానికి ఎర్ర రిబ్బన్. వెనక రెండిటికీ నీలం. గట్టిగా లాగకు నాన్నా, అమ్మ లాగుతుంది..."

వాగుడుకాయ ఇంక ఆగలేదు. తల్లి గుమ్మానికి ఆనుకుని, కొంగు నోటికి అడ్డంపెట్టుకుని ఏడ్చింది.