కీ ఇచ్చారు

పొద్దుటి నుంచి ముసురు. డిటెక్టివ్ ఆఫీసు తలుపు తోసుకుని వచ్చినామె గొడుగు మడవడం కూడా మరిచిపోయి, నీళ్ళోడుతున్న చీరతో కుర్చీలో కూలబడింది.

"రేపు నా మీద పోలీసు కేసు పెడతారట సార్. వాచీ నేనే తీయించానట. మామగారు పోవడానికి కూడా నేనే కారణమట."

ఆ డిటెక్టివ్‌ని అందరూ నిదానంగారనే పిలిచేవారు. ఒక ప్రశ్నకీ ఇంకో ప్రశ్నకీ మధ్య ఎదుటివాళ్ళ టీ చల్లారిపోయేది. ఆ నిదానం చూస్తే అసిస్టెంటుకి ఒళ్ళు మండేది. అతను ఒకప్పుడు కోర్టులో టైపు కొట్టినవాడు కాబట్టి టైపిస్టు అనే పేరు స్థిరపడిపోయింది. లోపల ఎంత మండినా సరే, నిదానంగారి మీద మాత్రం ఈగ వాలనిచ్చేవాడు కాదు.

ఆమె చెప్పింది విన్నకొద్దీ టైపిస్టుకి మనసు పాడైంది. ఆమె ఆ ఇంటి చిన్నకోడలు. మామగారు ఓడల్లో ఇంజనీరుగా చేసి రిటైరైనాయన. దాచుకున్నదంతా ఊడ్చి ఒకే ఒక పాత చేతివాచీ కొన్నారు. అలాంటివి లోకంలో వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని మిగిలాయట. ఏటికేడాది ధర పెరుగుతుందని, తాను పోయాక భార్య దాన్ని అమ్ముకుని ఎవరి ముందూ చెయ్యి చాపకుండా బతకాలని ఆయన ఆశ. ఇన్సూరెన్సు చేయించి గోడలాకర్లో పెట్టారు. ఒక్కరోజైనా కట్టుకున్న పాపాన పోలేదు, కొడుకుల్ని ముట్టుకోనివ్వనూ లేదు. లాకరు కీ మాత్రం చిన్నకోడలికిచ్చి దాచమన్నారు. ఆమె దాన్ని టీపొడి డబ్బాలో పెట్టేది. ఆ నమ్మకమే ఇప్పుడు ఆమె కొంప ముంచింది.

పోయిన వారం ఒక మధ్యాహ్నం, వాచీని మళ్ళీ విలువ కట్టడానికి మర్నాడు వస్తున్నానని ఇన్సూరెన్సు సర్వేయరు ఫోను చేసింది. పెద్దాయన కోడలి దగ్గర కీ తీసుకుని గదిలోకి వెళ్ళారు. కాసేపటికి ధబ్బుమని చప్పుడు. ఇంట్లోవాళ్ళు వెళ్ళి చూస్తే ఆయన నేలమీద పడున్నారు, లాకరు తెరిచి ఉంది, వాచీ లేదు. ఆస్పత్రిలో రెండోనాడు ప్రాణం పోయేదాకా ఆయన నోట వచ్చింది ఒకటే మాట, "కీ ఇచ్చారు... కీ ఇచ్చారు..."

"కీ ఉండేది నా దగ్గరే కదా సార్. నేనే ఎవరికో ఇచ్చానని అందరూ తేల్చేశారు."

"మీ ఆయన ఏమంటారు?"

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "నా మొహమే చూడట్లేదు."

ఆ సాయంత్రమే ఇద్దరూ ఆ ఇంటికి వెళ్ళారు. హాల్లో దీపం వేసే ఓపిక కూడా ఎవరికీ ఉన్నట్టు లేదు. పెద్దావిడ మంచం అంచున కూర్చుని, అడిగినవాటికి గోడకేసి చూస్తూ జవాబిచ్చింది.

"చప్పుడు వినగానే నేనూ పెద్దాడూ పరిగెత్తాం బాబూ. వాడిది వేరే కాపురం, ఆవేళ పొద్దున్నే చూడ్డానికొచ్చి ఇక్కడే ఉన్నాడు. ఆయన పక్కకి ఒరిగి పడున్నారు, పిడికిలి చెవికి ఆనించుకుని. తల పోటేమో అనుకున్నా. డాక్టరుకి ఫోను చెయ్యడానికి నేను హాల్లోకి ఉరికాను."

"అప్పుడు గదిలో ఎవరున్నారు?"

"పెద్దాడు. కోడలు పెరట్లో బట్టలు తీస్తోంది, నేను కేకేస్తే వచ్చింది. చిన్నాడు ఆఫీసులో ఉన్నాడు." ఆవిడ నిట్టూర్చింది. "నడవని వాచీకి ఇంత సొమ్మేమిటని ఆయన్ని సాధించేదాన్ని. నీకు తెలీదు, నోరు మూసుకో అనేవారు. ఇక సాధించడానికి మనిషే లేడు."

పెద్దకొడుకు మాత్రం గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. "నాన్న రెండు చేతులూ చాపి పడున్నారండీ. అరచేతులు ఖాళీ. లాకరు అప్పటికే ఖాళీ. కీ ఇచ్చారని ఆయన నోటితోనే అన్నారు కదా, ఇంకేం కావాలి?"

చిన్నకొడుకు తల వంచుకునే మాట్లాడాడు. "అన్నయ్య చెప్పిందే నిజమనుకుంటున్నాను" అన్నాడు. గుమ్మం పక్కన నిలబడ్డ భార్యకి ఆ మాట వినిపించిందని టైపిస్టుకి తెలిసింది. అతనికి చిన్నవాడి చెంప పగలగొట్టాలనిపించింది.

తిరిగి వస్తూ దారిలో నిదానంగారు టైమెంతయిందని అడిగారు. టైపిస్టు చేతికేసి చూసుకుని నాలిక కరుచుకున్నాడు.

"ఆగిపోయింది సార్. పొద్దున్న ఈ గొడవలో పడి కీ ఇవ్వడం మర్చిపోయాను."

నిదానంగారు నడిరోడ్డు మీద, వానలో, అలాగే నిలబడిపోయారు. వెనకనుంచి బండివాడు తిట్టినా కదల్లేదు. "టైపిస్టూ, ఆ సర్వేయరుకి ఇప్పుడే ఫోను చెయ్యాలి" అన్నారు చివరికి.

మర్నాడు ఉదయం అందరూ అదే హాల్లో కూర్చున్నారు. పోలీసుల్ని పిలుస్తానని పెద్దకొడుకు ఫోను పక్కనే కూర్చున్నాడు. సర్వేయరు ఒళ్ళో తన భూతద్దం, పనిముట్ల సంచీ పెట్టుకుంది.

"ఆ వాచీ సంగతి చెప్పండమ్మా" అన్నారు నిదానంగారు.

"లోపల నూనె ఎండిపోయింది. అలా నడిపితే చక్రాలు ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి. విప్పి బాగుచేయిస్తే అసలు భాగాలు కదిలి ధర పడిపోతుంది. అందుకే ఎప్పుడూ కీ ఇవ్వొద్దని పెద్దాయనకి మేమే చెప్పాం. ఆయన ఆ మాట తు.చ. తప్పకుండా పాటించారు."

"విన్నారుగా? ఆయన చెప్పింది లాకరు కీ గురించి కాదు" అన్నారు నిదానంగారు. "లాకరు తీశారు, వాచీ చేతిలోకి తీసుకున్నారు. ఎన్నడూ చప్పుడు చెయ్యనిది టిక్ టిక్ అంటోంది. నమ్మలేక చెవికి ఆనించుకున్నారు. వాచీకి ఎవరో కీ ఇచ్చారు, భార్య బతుకుతెరువు తన చేతిలోనే అరిగిపోతోంది అనుకున్నారు. ఆ దెబ్బకే పడిపోయారు. ఖాళీ పిడికిలిని ఎవరూ చెవి దగ్గర పెట్టుకోరమ్మా. అంటే ఆయన పడినప్పుడు వాచీ చేతిలోనే ఉంది. ఆ తర్వాత గదిలో ఒంటరిగా ఉన్నది ఒక్కరే. తండ్రి చేతులు చాపి పడున్నారని చెప్పిందీ ఆ ఒక్కరే."

పెద్దకొడుకు మొహంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు. "నా దగ్గర కీ ఎక్కడిది?" అని నీళ్ళు నమిలాడు.

"ఈ ఇంట్లో టీ పెట్టుకోవడం తెలిసిన ప్రతివాడికీ దొరికే చోటే ఉంది. లాకర్లో పడున్న అసలుదానికి కీ ఇచ్చే పని ఎవరికీ లేదు కనక, టిక్ టిక్‌మన్నది అసలుది కాదు. ఆవేళ పొద్దున్న అసలుది తీసి, అచ్చం అలాంటి నకిలీది పెట్టారు. చేసినవాడు కీ ఇచ్చి పంపిన నకిలీ. సాయంత్రానికి ఆగిపోతుందిలే, నాన్నకి తెలీదనుకున్నారు. మధ్యాహ్నం ఫోను వస్తుందని ఊహించలేదు. సర్వేయరు చూస్తే బండారం బయటపడుతుంది కనక, పడిపోయిన తండ్రి పిడికిలి విప్పి నకిలీది లాక్కున్నారు. దొంగతనం మరదలి నెత్తిన రుద్దారు."

పెద్దావిడ లేచి, గోడ పట్టుకుని నడిచి వెళ్ళి, కొడుకు ముందు చెయ్యి చాపింది. అతను లోపలి జేబులోంచి వాచీ తీసి ఆ చేతిలో పెట్టాడు.

"ఎప్పటికైనా మాకు రావలసిందేగా అనుకున్నానమ్మా. నాన్న పోతారనుకోలేదు" అని వెక్కిళ్ళు పెట్టాడు.

సర్వేయరు వెనకమూత విప్పి భూతద్దంలోంచి చూసింది. చక్రాల చుట్టూ నల్లటి ఇనప రజను. ఆమె తలెత్తేసరికి టైపిస్టుకి సంగతి అర్థమైపోయింది.

"దీనికి కీ ఇచ్చారా?"

"కొనేవాడు నడిపి చూపించమన్నాడు. ఆగిన వాచీయే కదా, కీ ఇస్తే నడుస్తుందనుకున్నా. కాసేపు నడిచి బిగుసుకుపోయింది. వాడు వద్దని పోయాడు."

"ఇక పాత ధర రాదు. అందులో పదోవంతు వచ్చినా గొప్పే. ఇంటివాళ్ళే తీసి పాడుచేస్తే మా కంపెనీ పైసా ఇవ్వదు." ఆమె గొంతు తగ్గించింది. "నన్ను క్షమించండి పెద్దమ్మా."

పెద్దావిడ చేతిలో వాచీతో నేలమీదే కూలబడింది. టైపిస్టు కళ్ళు తిప్పుకున్నాడు. కేసు గెలిచినరోజు ఇంత దిగులుగా ఉంటుందని అతనెన్నడూ ఎరగడు.

చిన్నకొడుకు అప్పుడు లేచి భార్య దగ్గరికొచ్చాడు. "జరిగిందేదో జరిగింది. లోపలికి పద" అన్నాడు.

"నువ్వు తీశావా అని ఒక్కసారి అడగాల్సిందండీ" అందామె. "కోప్పడి అడిగినా బాధపడేదాన్ని కాదు. మీరు అసలు అడగనేలేదు."

ఆమె అతన్ని దాటుకుని వెళ్ళి అత్తగారి పక్కన కూర్చుంది. భుజం చుట్టూ చెయ్యి వేసి, "నిన్నటినుంచీ ఏం తినలేదు, లేవండి అత్తయ్యా" అని మెల్లగా లేవదీసి వంటింట్లోకి నడిపించుకుపోయింది.

అతను హాల్లోనే నిలబడ్డాడు. లోపలినుంచి ఎవరూ పిలవలేదు.